కటింగ్ మాస్టారి అన్నయ్య

కటింగ్ మాస్టారికి ఒక అన్నయ్య ఉండేవాడు. ఆ అన్నయ్య సంగతి ముందు చెప్పుకోకపోతే ఈ కథ ఒక్క అడుగు కూడా కదలదు. ఓడలో వంటవాడు. ఎప్పుడూ నీళ్ళ మీదే బతుకు. మాట కరుకు, మనసు వెన్న, తమ్ముడంటే ప్రాణం. మాస్టారి పెళ్ళికి రాలేకపోయాడు గానీ ఉత్తరం రాశాడు. కూతురు పుట్టినప్పుడూ ఉత్తరమే. మాస్టారి పెళ్ళైన పన్నెండో ఏట ఎక్కడో దూరదేశపు రేవులో జ్వరమొచ్చి పోయాడని కబురు వచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటే లోటు. అలాంటి మనిషి ఈ భూమ్మీద ఎప్పుడూ లేడు.

మాస్టారు హోమ్‌లో పెరిగారు. కన్నవాళ్ళు ఎవరో తెలియని పిల్లల్ని, తెలిసినా సాకలేనివాళ్ళ పిల్లల్ని ఒకచోట చేర్చి పెంచే ఇల్లు అది. నలభై మంచాలు, గోడకు నలభై మేకులు, మేకుకో నెంబరు. మనవాడిది పదిహేడు. బట్టలు మూడు సైజుల్లో వచ్చేవి: చిన్నది, మధ్యది, పెద్దది. పదిహేడో నెంబరు కుర్రాడు వీటిలో దేనికీ సరిపోయేవాడు కాదు. ఒంటికి పడితే చేతులు పొట్టి, చేతులు సరిపోతే భుజాలు జారి మోచేతుల మీదికి వచ్చేవి. పదకొండో ఏట హోమ్ కుట్టుగదిలోకి దూరి తన చొక్కా తనే విప్పదీసి, మడిచి, మళ్ళీ కుట్టుకున్నాడు. పట్టుబడి దెబ్బలు తిన్నాడు. చొక్కా మాత్రం కొలిచి కుట్టినట్టు కుదిరింది. ఇక ఆ పిల్లవాడు ఏం పని చేసి బతుకుతాడో ఎవరూ ఆలోచించాల్సిన పని లేకపోయింది.

పద్దెనిమిది నిండగానే హోమ్ వాళ్ళు ఒక సంచీ, ఒక సర్టిఫికెట్టూ చేతిలో పెట్టి గేటు దాకా సాగనంపారు. పనికి చేరిన మొదటి షాపులో అడిగినవాళ్ళకు దాచకుండా చెప్పాడు, హోమ్‌లో పెరిగానని. మూడో వారంలో ఒక కత్తెర కనబడకుండా పోయింది. షాపులో పదిమంది ఉంటే వెతికింది మాత్రం ఒక్క సంచీనే. సాయంత్రానికి ఆ కత్తెర ఓనరు కొడుకు సైకిల్ బుట్టలో దొరికింది. "సర్లే, మనసులో పెట్టుకోకు" అన్నారు. ఎందుకు పెట్టుకోడు, పెట్టుకున్నాడు. రెండో షాపులోనూ అదే తంతు, కత్తెరకు బదులు దారపు రీళ్ళు. వెనక ఒక మనిషి ఉన్నవాడి సంచీ ఎవరూ విప్పరని అప్పుడు అర్థమైంది అతనికి.

మూడోది ఈ షాపు. కోట్లు, స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి గౌన్లు కుడతారు. కింద గదిలో ఆరు మిషన్లు, ఇస్త్రీ బల్ల. పై గదిలో కిటికీ పక్కన పొడవాటి కటింగ్ బల్ల, దాని వెనక కస్టమర్ల బట్టలు పెట్టే పెద్ద బీరువా. అప్పటి ఓనరు, అందరూ పెద్దాయన అనేవారు, కుర్రాడి చేతిపని చూసి ముచ్చటపడ్డాడు.

"చెయ్యి బాగుందోయ్. కానీ ఈ బల్ల దగ్గర నిలబడేవాడి చేతిలోనే బీరువా తాళాలుంటాయి. మీ పెద్దవాళ్ళనెవరినైనా తీసుకురా, ఒక మాట మాట్లాడి పెట్టుకుంటా."

"మా అన్నయ్య ఉన్నాడండీ."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియదు.

"అయితే రేపు తీసుకురా" అన్నాడు పెద్దాయన.

రేపటికల్లా అన్నయ్యను ఎక్కణ్ణుంచి పుట్టిస్తాడు పాపం! మర్నాడు పొద్దున్నే బస్టాండుకు వెళ్ళి గంటసేపు వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఒకాయన దొరికాడు. నలభై ఏళ్ళుంటాయి, ఊరూరూ తిరిగి గొడుగులు బాగుచేసుకునే మనిషి, ఎక్కాల్సిన బస్సుకు ఇంకా మూడు గంటలుంది. సంగతి విని ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "కడుపునిండా భోజనం పెట్టిస్తావా?" అని అడిగాడు. పెట్టిస్తానన్నాడు కుర్రాడు. "అయితే నువ్వు నా తమ్ముడివే, పద" అని లేచాడాయన.

అద్దె అన్నయ్య సొంత అన్నల్ని తలదన్నాడు. షాపులోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఒకటే వాయింపు.

"మావాణ్ణి తక్కువగా చూశారని తెలిసిందో, ఊరుకునేవాణ్ణి కాను చెప్తున్నా. చిన్నప్పుడు వీడికి న్యుమోనియా వస్తే మూడు రాత్రులు భుజాన వేసుకుని తిరిగాను. అదేంటి, పొద్దస్తమానం నిలబడే కత్తిరించాలా? మోకాళ్ళేం కావాలండీ? ఒక ఎత్తు స్టూలు చేయించండి ముందు!"

పెద్దాయన తబ్బిబ్బైపోయి స్టూలు చేయించాడు. మూల కూర్చుని హోంవర్కు రాసుకుంటున్న పెద్దాయన కూతురు, పన్నెండేళ్ళది, ఇదంతా నోరు వెళ్ళబెట్టి చూసింది. గొడుగులాయన భోజనం చేసి, బస్సెక్కి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆయన పేరైనా అడగలేదు మనవాడు. ఆ సాయంత్రం అద్దెగదిలో ఒక్కడే కూర్చుని ఏడ్చాడు. నిజంగా న్యుమోనియా వచ్చింది అతనికి, ఏడేళ్ళప్పుడు. భుజాన వేసుకుని తిరిగినవాళ్ళు ఎవరూ లేరు.

పెద్దాయన మాత్రం ఆ అన్నయ్యను జన్మలో మర్చిపోలేదు. "మనిషంటే అలా ఉండాలి, వెనక అలాంటి అన్న ఉండాలి" అని కనబడినవాడికల్లా చెప్పేవాడు. అంతకు ముందు నోటిమాటగా అడిగింది ఆ రోజు నుంచి షాపు రూలైపోయింది. తాళాలు ముట్టుకోబోయే ఎవరైనా సరే ఇంటి పెద్దను తెచ్చి కూర్చోబెట్టాల్సిందే.

తర్వాత పెళ్ళిచూపుల్లో అత్తగారివాళ్ళు నీవాళ్ళెవరని అడిగారు. ఒక్కసారి పుట్టిన అన్నయ్య మళ్ళీ ఎలా పోతాడు? ఓడెక్కించేశారు మాస్టారు. ఉత్తరాలు తనే ఎడమచేత్తో రాసి, ఓడ దిగొచ్చిన ఎవరో తెచ్చి వేసినట్టు, పక్క ఊరికి పోయి పోస్టు డబ్బాలో వేసి వచ్చేవారు. భార్య ఆ ఉత్తరాలను పెట్టెలో దాచుకునేది. బావగారిని ఒక్కసారైనా కళ్ళారా చూడాలని, ఈసారి ఓడ ఒడ్డుకొస్తే మనమే వెళ్దామని పట్టుబట్టింది. మాస్టారు మింగలేక కక్కలేక, వేరే దారి లేక అన్నయ్యను చంపేశారు. ఆవిడ ఏడ్చింది, ఈయన ఓదార్చారు. ఆ సంగతి గురించి అంతకు మించి ఎప్పుడూ ఆలోచించుకోలేదు ఆయన.

ఇలా ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. పెద్దాయన పోయి, ఆ హోంవర్కు కూతురే ఓనరమ్మ అయింది. మాస్టారు చుట్టుపక్కల పేరున్న కట్టరయ్యారు. వేరే షాపుల్లో ఒక మనిషికి పది కొలతలు తీస్తే గొప్ప, మాస్టారు పద్దెనిమిది తీసేవారు. రెండు భుజాలూ విడివిడిగా, రెండు చేతులూ విడివిడిగా. తనను చిన్నప్పుడు ఎవరూ ఒక్కసారి కూడా టేపు పెట్టి కొలవలేదన్న ఉక్రోషం ఆయనకింకా చావలేదు, అదీ అసలు సంగతి.

ఆరేళ్ళ కిందట ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల గుండీలు కుట్టే పనికి వచ్చింది. గుండీలు కుట్టేది కాబట్టి గుండీ అయిపోయింది. ఫారంలో దగ్గరి బంధువు అన్నచోట పిన్ని అని రాసింది. ఇక పిన్ని లేని రోజు లేదు. పిన్ని రొట్టెలు పంపింది, పిన్ని చెప్పులు కొనిచ్చింది, పిన్ని జ్వరంలో పక్కనే కూర్చుంది. కింద గదిలో ఆడవాళ్ళందరికీ ఆ పిన్ని మీద కాస్త అసూయ కూడా పుట్టింది.

మాస్టారు ఒకరోజు తినేవేళ అడిగారు.

"ఏమే గుండీ, మీ పిన్నికి కోపం రాదా?"

"రాదు మాస్టారూ. మా పిన్ని బంగారం."

"ఎంత బంగారమైనా! మొన్న కొత్త చెప్పులు బస్సులో పోగొట్టుకున్నావు గదా. ఒక్క మాటైనా అన్లేదూ?"

పిల్ల మొహం తెల్లబోయింది. "అన్లేదండీ" అంది చిన్నగా.

"మా ఆవిడైతే మా అమ్మాయిని వీధి చివరిదాకా వినబడేట్టు తిట్టేది" అని ఊరుకున్నారు మాస్టారు.

మర్నాడు వచ్చీ రాగానే గుండీ, "అబ్బబ్బ, రాత్రి మా పిన్ని ఎంత తిట్టిందనుకున్నారు! చెవులు గింగుర్లెత్తాయి" అని షాపంతా చాటింపు వేసింది. తిట్లు తిన్న మొహం ఎక్కడైనా అలా వెలిగిపోతుందా! మాస్టారు బల్ల మీదికి వంగి, నవ్వు ఆపుకుంటూ చాక్‌తో గీత గీశారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. ఇంట్లో పెరిగినవాళ్ళు పిన్నిని కల్పిస్తే ఆ పిన్ని విసుక్కుంటుంది, అలుగుతుంది, పక్కింటి పిల్లతో పోలుస్తుంది. మచ్చలేని పిన్నిని కల్పించేది హోమ్‌లో పెరిగినవాళ్ళే. ఆయన అన్నయ్య కూడా పన్నెండేళ్ళలో ఒక్కనాడైనా తమ్ముడి మీద అలిగింది లేదు.

ఆ పిల్లకు తన సంగతి చెప్పలేదు మాస్టారు. కత్తిరింపు మాత్రం నేర్పారు. ఆరేళ్ళు కష్టపడి నేర్చుకుంది. పద్దెనిమిది కొలతలూ తీసేది. బట్టలో నేత పోగు ఎటు పోతోందో వేలితో తడిమి చెప్పేసేది. కుడికంటికి ఆపరేషనయ్యాక మాస్టారికి చాక్ గీత రెండుగా కనబడటం మొదలైంది. ఇక దిగిపోతానని ఓనరమ్మతో చెప్పారు.

"ఇంకెవరు, మన గుండీయే! బల్ల దానిదే" అంది ఓనరమ్మ సంతోషంగా. "ఏమే, సోమవారం మీ పిన్నిని తీసుకురా. మా నాన్న పెట్టిన పద్ధతి, ఒక మాట అనేసుకుంటే అయిపోతుంది."

గుండీ గుండెల్లో రాయి పడింది. మాస్టారి గుండెల్లో అంతకంటే పెద్దది పడింది.

సోమవారం గుండీ ఒక్కతే వచ్చింది. పైగదిలో ఓనరమ్మ ముందు నిలబడి, పిన్ని లేదని, హోమ్‌లో పెరిగానని చెప్పేసింది. మాస్టారు అక్కడే ఉన్నారు, టేపు మెడలో వేసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా.

"ఎంతపని చేశావే!" అంది ఓనరమ్మ. "ఆరేళ్ళుగా ఆవిడ ఆరోగ్యం అడుగుతున్నానే నేను! చూడూ, హోమ్ పిల్లలంటే నాకు జాలే. నీ గుండీలు నువ్వు కుట్టుకో, మిషనెక్కుతానంటే ఎక్కు, పనికేం ఢోకా లేదు. కానీ ముందూ వెనకా నా అనేవాళ్ళు లేనిదానివి. రేపు బీరువా ఊడ్చుకుపోతే నేనెవర్ని పట్టుకోను?"

గుండీ మెట్లు దిగి వెళ్ళి గుండీల డబ్బా ముందేసుకుంది. మధ్యాహ్నం మాస్టారు పక్కకు వచ్చి నిలబడితే తలెత్తకుండానే చెప్పింది.

"పిన్నిని అద్దెకు తెద్దామనుకున్నా మాస్టారూ. కూరగాయలావిడను అడిగా కూడా, ఆవిడ సరేనంది. మళ్ళీ మనసొప్పలేదు. గుండీలు కుట్టుకోవడానికి పిన్ని ఉందని చెప్పుకున్నా సర్లే అనుకోవచ్చు. ఆరేళ్ళు నేర్చుకున్న పని, దాన్ని మొదటిరోజే అబద్ధంతో మొదలుపెట్టాలనిపించలేదు."

చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది మాస్టారికి. ఆ పిల్ల తెలియక అన్న మాటే. తెలిసి అన్నా అంత తగిలేది కాదేమో.

ఇక చట్టం సంగతి. చట్టం అనగానే రెండో వాక్యానికే ఆవలింత వస్తుంది మనకు, కానీ ఇది చిన్నదే, వినండి. అప్పటికి రెండేళ్ళ కిందట వచ్చింది. హోమ్‌లోనో పెంపుడు ఇళ్ళలోనో పెరిగి బయటికొచ్చిన ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళను ఆ కారణంగా పనిలో గానీ, అద్దె ఇంట్లో గానీ, చదువులో గానీ తక్కువ చెయ్యకూడదు. ఇంకో మాట కూడా ఉంది. షరతు అందరికీ ఒకటే అయినా, అది వీళ్ళకే అడ్డుపడుతుంటే, ఆ షరతు నిజంగా పనికి అవసరమని ఓనరు చూపించాలి. చూపించలేకపోతే తీసెయ్యాలి. ఫిర్యాదు చేసిందని మనిషిని పనిలోంచి తీసెయ్యడానికీ లేదు. మాస్టారికి యాభై ఆరు. ఆ చట్టం వచ్చేసరికే ఆయన దాని ముప్పై ఏళ్ళ హద్దు ఎప్పుడో దాటిపోయారు.

హోమ్ నుంచి బయటికొచ్చిన పిల్లలకు సలహాలిచ్చే కేంద్రం ఒకటుంటే, గుండీ అక్కడికి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది. నోటీసు అందిన రోజు నుంచి ఓనరమ్మ ఆ పిల్లతో మాట్లాడటం మానేసింది. మానేసింది గానీ పని చెప్పకుండా కుదరదుగా! మిషన్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. "ఎవరో ఆ నీలం కోటుకు గుండీలు కుట్టాలట" అని మూడో నెంబరు మిషనుకు చెప్పేది. "కుట్టేశారట" అని గుండీ ఇస్త్రీ పెట్టెకు చెప్పేది. ఇస్త్రీ ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఒక చొక్కా కాలర్ కాల్చేశాడు కూడా.

నవ్వులాట అక్కడితో సరి. నోటీసుకు ఓనరమ్మ ఇచ్చిన జవాబులో ఇలా ఉంది: ఈ రూలు ఒక్క హోమ్ పిల్లలకు పెట్టింది కాదు, మా నాన్నగారి హయాం నుంచి అందరికీ ఉంది. మా కటింగ్ మాస్టారి అన్నయ్య స్వయంగా వచ్చి హామీ ఇచ్చారు, అందుకే ముప్పై నాలుగేళ్ళుగా ఒక్క గుడ్డ పోలేదు. రూలు పనికొచ్చిందనడానికి ఇదే రుజువు. సాక్షి మాస్టారే.

సాక్షి అన్న మాట చదివి మాస్టారు స్టూలు మీద కూర్చుండిపోయారు. అవునని చెబితే ఆ పిల్ల బల్ల పోతుంది. కాదంటే అన్నయ్య పోతాడు, ఆయనతోపాటు ముప్పై నాలుగేళ్ళ మాట పోతుంది, ఇంట్లో పెళ్ళాం మొహం చూడటానికుండదు. ఏదీ చెప్పకుండా తప్పించుకుందామా అంటే ఒంట్లో బాగాలేదనడానికి కూడా అబద్ధమే కావాలి. విచారణకు ముందున్న ఆ మూడు వారాలూ ఆయనకు తిండి సయించలేదు. ఒక కోటుకు రెండు ఎడమ చేతులు కత్తిరించారు. గుండీ అది చూసి, ఎవరికీ చెప్పకుండా మిగిలిన బట్టలోంచి కుడిచెయ్యి తీసి సర్దేసింది.

విచారణ రోజు పొద్దున భార్య ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ, "బావగారి గురించి నసగకుండా గట్టిగా చెప్పండి. పోయినవాడైనా ఆయన మాటకింకా విలువుందంటే ఎంత గొప్ప!" అంది. ఆవిడ కళ్ళు తడయ్యాయి. మాస్టారు గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుని బయటపడ్డారు.

విచారణ జరిగే కార్యాలయం మెట్ల దగ్గర గుండీ ఎదురైంది. చొక్కా చూసి, "ఆగండాగండి" అని గుండీలు సరిచేసింది. అయ్యాక నెమ్మదిగా అంది, "మాస్టారూ, మీరు నాకోసం ఇరుకున పడొద్దు. మీ అన్నయ్య వచ్చారు గదా, వచ్చారనే చెప్పండి. నిజం చెప్పినందుకు నేనేమీ అనుకోను."

ఆయన తల ఊపి లోపలికి నడిచారు.

చిన్న గది, పొడుగాటి బల్ల, దాని మీద నీళ్ళ సీసా. విచారణాధికారిణికి విపరీతమైన జలుబు, మాటకోసారి తుమ్ముతూ, క్షమించండంటూ రాసుకుంటోంది. ముందు గుండీని అడిగింది, ఫారంలో అబద్ధం ఎందుకు రాశావని.

"అంతకుముందు ఒక బేకరీలో నాలుగు నెలలు చేశానండీ. హోమ్ అని చెప్పాను. ఏది పోయినా నా సంచీ చూసేవాళ్ళు. ఇక్కడ పిన్ని ఉందని రాశాను. ఆరేళ్ళలో నా సంచీ ఒక్కరూ విప్పలేదు."

ఓనరమ్మ రుమాలు సర్దుకుంది. తర్వాత తన వంతు వచ్చాక, వాళ్ళ నాన్న గురించి, ఆనాటి అన్నయ్య గురించి చెప్పింది. ఆవిడ నటించలేదు, మనస్ఫూర్తిగానే చెప్పింది. "నాకు పన్నెండేళ్ళు. ఆయన న్యుమోనియా సంగతి చెబుతుంటే నాకు ఏడుపొచ్చిందండీ. అలాంటి మనిషి వెనక ఉన్నాడు కాబట్టే మా నాన్న ధైర్యంగా తాళాలిచ్చారు."

మాస్టారి చేత నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు.

"ఆ రోజు మీతో షాపుకు వచ్చినాయన మీకేమవుతారు?"

అన్నయ్య. ఎన్ని వేలసార్లు అన్నారో ఆ మాట! నాలుక చివరే ఉంది. చొక్కాకు ఆ పిల్ల సరిచేసిన గుండీలు ఛాతీకి గట్టిగా పట్టేసినట్టనిపించింది. మంచినీళ్ళు తాగారు, గ్లాసు కింద పెట్టారు.

"ఏమీ కాడండి. గొడుగులు బాగుచేసుకునేవాడు. బస్టాండులో దొరికాడు."

ఓనరమ్మ నవ్వింది. హాస్యమాడుతున్నారనుకుంది. మాస్టారు నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నేను హోమ్‌లో పెరిగానండి. పదిహేడో నెంబరు. పెద్దవాళ్ళను తెమ్మంటే ఎవర్ని తేను? ఒకపూట భోజనం పెట్టించి తెచ్చాను. పేరు కూడా తెలీదు. ఆయన చెప్పిందేదీ నిజం కాదు, నాకు న్యుమోనియా వచ్చిందన్నది తప్ప."

అధికారిణి కలం ఆగిపోయింది. తుమ్ము కూడా రాలేదు. గుండీ బల్ల అంచు పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

ఓనరమ్మ మొహం ఎర్రబడింది. "మా నాన్న పోవడానికి వారం ముందు కూడా ఆయన్ని తలుచుకున్నాడు మాస్టారూ! ముప్పై నాలుగేళ్ళు! నా పెళ్ళిబట్టలు మీ చేతే కుట్టించుకున్నాను. బీరువా తాళాలు మీ జేబులోనే ఉన్నాయి ఇన్నేళ్ళూ, నేనెప్పుడైనా అడిగానా?"

"అడగలేదమ్మా."

"ఎంత నమ్మానండీ మిమ్మల్ని!"

"ఒక్క జేబురుమాలు గుడ్డైనా పోయిందా అమ్మా?" అని అడిగారు మాస్టారు. దెప్పిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు.

ఓనరమ్మ చేతిలో రుమాలు నాలుగు మడతలు పెట్టింది. "పోలేదు" అంది.

అధికారిణి ఆ మాట రాసుకుని కింద గీత గీసింది. "అంటే ఇన్నేళ్ళూ బీరువాను కాపాడింది అన్నయ్య కాదన్నమాట" అంది. ఓనరమ్మకు ఇక వాదించడానికేం మిగల్లేదు. పోనీ మొండికేస్తుందా అంటే, ఆవిడ పెద్దాయన కూతురు, కోపమెంతైనా కళ్ళెదుటి నిజాన్ని కాదనే రకం కాదు. రూలు తీసేస్తానని, ఒకటో తేదీ నుంచి బల్ల, తాళాలు గుండీకే ఇస్తానని అక్కడే సంతకం పెట్టింది. "దాని కత్తిరింపు మీద నాకెప్పుడూ అనుమానం లేదు" అని గుండీ మొహం చూసే అంది, మిషన్లతో కాకుండా. మాస్టారితో మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

బయట మెట్ల మీద గుండీ ఆయన పక్కన నిలబడింది. "మీకు మొదట్నుంచీ తెలుసా మాస్టారూ, నా సంగతి?" అంది.

"చెప్పుల రోజునుంచి తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నీకు చెప్పాలంటే నా సంగతి కూడా చెప్పాలిగా" అన్నారు. ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, తీసేసి, బస్సెక్కారు.

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. "ఏమైంది? బావగారి గురించి చెప్పారా?"

"చెప్పాను. నువ్విలా కూర్చో."

వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మాస్టారు మొత్తం చెప్పారు, హోమ్ మేకు దగ్గర్నుంచి గొడుగులాయన దాకా, ఆ పొద్దుటి ప్రమాణం దాకా. ఆవిడ అరిచినా బాగుండేదనిపించింది ఆయనకు.

"ఉత్తరాలు?" అంది చివరికి.

"నేనే. ఎడమచేత్తో."

"పాప పుట్టినప్పుడు వచ్చింది? 'దాన్ని ఎవరూ కొట్టకుండా చూసుకోండి' అని రాశాడు, అది?"

"అదీ నేనే."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, కోపమూ ఉంది.

"ఆయన పోయాడన్న కబురొచ్చాక రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు నేను. మీ పక్కన కూర్చుని ఏడ్చాను. మీరూ వెక్కి వెక్కి ఏడ్చారు, నా కళ్ళతో చూశాను. అదీ నాటకమేనా?"

మాస్టారు తలెత్తి ఆవిడను చూశారు. ఆ రోజు సంగతి ఆయన పద్దెనిమిదేళ్ళుగా ఎవరితోనూ అనుకోలేదు, తనతో తాను కూడా అనుకోలేదు.

"అది నాటకం కాదు" అన్నారు. "ఉన్న ఒక్క అన్నయ్యా పోతే ఏడవనా మరి?"